ఇచ్చిన చేతికే సైకిలు

స్టవ్వుకు పది వత్తులు. అన్నం దించగానే మంట ఎర్రబారి పొగ కక్కడంతో వరలక్ష్మి దాన్ని ఆర్పేసి, పిన్నీసుతో ఒక్కో వత్తినీ పైకి లాగి, మాడిన కొసను కత్తిరించి మళ్ళీ కిందికి దించుతోంది. ఏడో వత్తి దగ్గర చెయ్యి ఆగింది. వాకిట్లో కొళాయి దగ్గర నుంచి అత్తగారి గొంతు వినిపిస్తోంది.

"రెండు ఎర్ర గీతలు పడ్డాయిరా శంకరం. రెండు. మూడోది పడితే ఇంటికి పొమ్మంటారు. అది ఏడవకుండా స్టవ్వు బాగుచేసుకుంటోంది కాబట్టి నీకు తెలియడం లేదు. నీ చెవిన పడుతోందా?"

భీమశంకరం కిటికీకి తగిలించిన అద్దంలో గడ్డం గీసుకుంటున్నాడు. "పడుతోందమ్మా. వీధి మొత్తానికి పడుతోంది."

"పడనీ. వీధిలో వాళ్ళకైనా పౌరుషం పుడుతుందేమో."

వరలక్ష్మి ఎనిమిదో వత్తి లాగింది. ఏడవకపోవడానికి కారణం ధైర్యం కాదు, తీరిక లేకపోవడం. కొళాయి ఆరింటికి వస్తుంది, ఏడింటికి పోతుంది. అత్తగారు భ్రమరాంబకు చేతి కీళ్ళు పట్టేసి బిందె ఎత్తలేరు. నీళ్ళు పట్టి, వంట చేసి, భర్తకు కారియరు సర్దేసరికి రోజూ ఎనిమిది దాటుతుంది. కదిర్కామంలో ఆమె కొత్తగా ఉద్యోగంలో చేరిన కుట్టు శిక్షణ కేంద్రం ఎనిమిదిన్నరకు తలుపు తీస్తుంది. సైకిలు మీద పావుగంట దారి. నడిస్తే ముప్పావుగంట. బస్సు సంగతి ఆ డ్రైవరుకే తెలియాలి. కోసపాళయం స్టాపులో ఆగిన రోజు ఆగుతుంది, నిండుగా వచ్చిన రోజు చెయ్యి ఊపి వెళ్ళిపోతుంది.

నెల రోజులు చూసి, నచ్చితే ఉంచుకుంటామన్నారు. ఆలస్యంగా వచ్చినవాళ్ళ పేరు పక్కన పెద్ద టీచరు అమృతవల్లిగారు ఎర్ర సిరాతో గీత గీస్తారు. మూడు గీతలైతే కారణం అడగరు. ఇవాళ గురువారం. శనివారంతో నెల ముగుస్తుంది. ఇంకా మూడు పొద్దులు దాటాలి.

నిన్న సాయంత్రం సగం దారిలో చెప్పు తెగింది. దాన్ని చేత్తో పట్టుకుని, ఒక కాలికి చెప్పుతో ఒక కాలికి లేకుండా, మిగిలిన దారంతా నడిచి వచ్చింది.

"నిన్న కూడా వెళ్ళి అడిగానమ్మా ఆ సుబ్బరాయల్ని," అన్నాడు భీమశంకరం గడ్డానికి అటువైపు సబ్బు రాసుకుంటూ. "గట్టిగానే అడిగాను. అది ఫ్రెంచి సైకిలు, మన మర దానికి పట్టదు, సామాను ఎక్కడా దొరకడం లేదంటాడు. వాణ్ణి కొట్టమంటావా?"

"కొట్టవద్దు. సైకిలు తెమ్మంటున్నాను."

ఆ సైకిలు వరలక్ష్మి సంపాదించుకున్నదే. ఫ్రెంచి పెన్షను తీసుకునే ఒక ముసలమ్మ, ఫ్రెంచివాళ్ళ పాత పేట అయిన వైట్ టౌన్‌లో ఇల్లు ఖాళీ చేసి కొడుకు దగ్గరికి వెళ్ళిపోతూ, మూడేళ్ళుగా తనకు రవికెలు, దిండు గలీబులు కుట్టిపెట్టిన అమ్మాయికి ఇచ్చి వెళ్ళింది. ఆకుపచ్చ రంగు, వంపు తిరిగిన కడ్డీ, చీరతో ఎక్కడానికి వీలైన సైకిలు. ఉద్యోగంలో చేరిన మూడో రోజే కుడివైపు పెడలు ఊడి చేతికొచ్చింది. భీమశంకరం తనే దాన్ని నడిపించుకుంటూ వీధి చివరి షాపులో ఇచ్చి వచ్చాడు. "తెలుగువాడు, మనం చెప్పింది అర్థమవుతుంది," అన్నాడు.

అర్థమైంది, కానీ పని కాలేదు. మూడు వారాలుగా వరలక్ష్మి వెళ్ళినప్పుడల్లా సుబ్బరాయలు ఏదో ఒక చక్రం మీద వంగి, తల ఎత్తకుండానే "నాళికి రా మా" అనేవాడు. రేపు రమ్మని అర్థం. తను యానాం నుంచి వచ్చి నాలుగేళ్ళయినా అరవం సరిగా పట్టుబడలేదు గాని, ఆ ఒక్క మాట మాత్రం నిద్రలో లేపి అడిగినా చెప్పగలదు. తన వెనక వచ్చిన వాళ్ళకు పంచర్లు వేసి పంపేవాడు. తను నిలబడి ఉంటే గాలి పంపు చప్పుడు పెంచేవాడు. పోయిన వారం ఓర్పు తెగి, నలుగురు మగవాళ్ళ ముందు, "మీరు మోసగాళ్ళు, చేతకాకపోతే చేతకాదని చెప్పండి," అని అరిచి వచ్చింది. ఇంటికొచ్చాక సిగ్గుతో అన్నం సహించలేదు.

ఈ మూడు వారాల్లో ఆమెకు మిగిలిన ఊరట భర్తే. ఆఫీసు నుంచి వచ్చి, కాఫీ గ్లాసు కింద పెట్టీ పెట్టకుండానే, "ఉండు, ఆ సుబ్బరాయలి సంగతి చూసొస్తాను," అని బయలుదేరేవాడు. గంటసేపు అక్కడ నిలబడి, ఉత్త చేతులతో తిరిగొచ్చేవాడు. పక్క వాటాలో ఉండే చిన్నపొన్ను భర్త, పెళ్ళాం చెప్పిన పని మీద వీధి మలుపు దాకా కూడా వెళ్ళడు. ఆ మాట చిన్నపొన్నే అంది. ఆ రాత్రుళ్ళలో వరలక్ష్మి భర్త పాదాలు చూస్తూ, ఈయన నా కోసం ఎంత తిరుగుతున్నారో అనుకునేది.

పదో వత్తి అయింది. అగ్గిపుల్ల గీసింది. మంట నీలంగా, బుద్ధిగా లేచింది. కడిగిన కందిపప్పు గిన్నె దాని మీద పెట్టి, చేతులు తుడుచుకుని లేచింది.

"ఏవండీ, నేనే వెళ్ళి తెచ్చేసుకుంటాను."

అద్దంలో రేజరు ఆగింది. "ఏం తెచ్చుకుంటావు?"

"సైకిలు. ఎలా ఉంటే అలాగే. ఒక్క పెడలుతోనైనా తొక్కుతాను. లేదంటే ఎత్తున్న చోట దిగి నడిపిస్తాను, పల్లంలో ఎక్కుతాను. నడక కంటే నయమే కదా."

"పోయిన వారం చేసిన గొడవ చాలదా వరాలూ? పొద్దున్నే మగవాళ్ళంతా ఉంటారక్కడ. సాయంత్రం నేను వెళ్తానులే."

"సాయంత్రానికి మూడో గీత పడిపోతుందండీ."

అతను ఏదో అనబోయి, మళ్ళీ గడ్డం వైపు తిరిగాడు. అంతలో భ్రమరాంబ లోపలికి వచ్చారు. తడి చేతులు కొంగుకు తుడుచుకుని, దండెం మీది తువ్వాలు భుజాన వేసుకున్నారు.

"పద అమ్మాయ్, నేనూ వస్తాను. ఒరేయ్, పప్పు పొయ్యి మీద ఉంది. చూస్తూ ఉండు. పొంగితే మూత తియ్యాలి, ఆ సంగతైనా తెలుసా?"

"అమ్మా, నువ్వెందుకు ఇప్పుడు," అన్నాడు భీమశంకరం. చెంప మీద సబ్బు నురగ ఆరిపోతోంది. "వద్దమ్మా. నా మాట విను."

ఆ 'వద్దమ్మా'లో కోపం కంటే బతిమాలుకోవడమే ఎక్కువుందని వరలక్ష్మికి అనిపించింది. ఎందుకో ఆలోచించే వ్యవధి లేదు. ఏడుంబావు అయింది.

*

సుబ్బరాయలు ఒక ట్యూబును నీళ్ళతొట్టిలో ముంచి బుడగలు చూస్తున్నాడు. యాభై దాటిన మనిషి. తాతల నాడు వచ్చి ఇక్కడే నిలిచిపోయిన కుటుంబం. ఇంట్లో తెలుగే, కానీ తెలుగు అక్షరం రాదు. షాపు ముందు కాస్త తెలుగు వచ్చిన చిన్నదురై అనే పాలవాడు క్యాన్లు తగిలించిన సైకిలుతో నిలబడి ఉన్నాడు.

అత్తాకోడళ్ళను చూసి సుబ్బరాయలు ట్యూబును ఇంకొంచెం లోతుకు ముంచాడు.

"నాళికి రా మా."

"నేనింకా ఏమీ అడగలేదండీ," అంది వరలక్ష్మి.

"నువ్వు వేరే ఏమి అడగబోతావు. సామాను రాలేదు మా. మెడ్రాసుకి చెప్పినాను."

"సామాను అక్కర్లేదు. సైకిలు ఇచ్చేయండి. ఉన్నదున్నట్టే తీసుకెళ్తాను."

సుబ్బరాయలు తల ఎత్తాడు. మూడు వారాల్లో అతను తన ముఖం చూడటం ఇదే మొదటిసారి. వెంటనే చూపు దించుకున్నాడు.

"సారునే పంపియ్యి మా."

"సారుకు ఆఫీసు. సైకిలు నాది."

"నీదే, కాదనలేదు. తెచ్చి ఇచ్చింది సారు. ఇచ్చిన చేతికే తిరిగి ఇచ్చేది. మా నాయన పెట్టిన రూలు. ఒక తూరి అన్న ఇచ్చిన బండి తమ్ముడికి ఇచ్చి, ఆయన పోలీసు టేషను గడప తొక్కినాడు. ఆ నాటినుంచి ఇదే రూలు. కావాలంటే చిన్నదురైని అడుగు."

చిన్నదురై క్యాన్లు సర్దుకుంటూ తల ఊపాడు. "నిజమే మా. నా బండి నా పెండ్లానికే ఇయ్యలేదు ఒక తూరి. అది నాకు మంచిదే అయింది."

భ్రమరాంబ షాపు బెంచీ మీదున్న టైరును పక్కకు జరిపి, అక్కడ నింపాదిగా కూర్చున్నారు.

"ఏవయ్యా సుబ్బరాయలూ. ఇచ్చిన చేతికే ఇస్తావా?"

"అవును పెద్దమ్మా."

"ఆ చేతిని కన్నది నేనే. ఆ చేతికి అన్నం కలుపుకోవడం నేర్పింది నేనే. అది నా చేతి కంటే పెద్దదెప్పుడైందో నాకు తెలియదు. నా చేతికియ్యి."

చిన్నదురై నవ్వు ఆపుకోలేక మొహం తిప్పుకున్నాడు. సుబ్బరాయలు నవ్వలేదు. ట్యూబును తొట్టిలోంచి తీసి, ఆరబెట్టి, బొక్క చుట్టూ చాక్‌పీసుతో గుండ్రంగా గీశాడు. గీసినదాని మీదే మళ్ళీ గీశాడు.

"నా వల్ల కాదు పెద్దమ్మా. మాట ఇచ్చినాను."

"ఎవరికి? ఏమని?"

అతను చాక్‌పీసును చెవి మీద పెట్టుకుని గరుకు కాగితం కోసం వెతికాడు.

సరిగ్గా అప్పుడే అతని భార్య మునెమ్మ ఇంటి వైపు నుంచి గంజి చెంబు పట్టుకుని వచ్చింది. వరలక్ష్మిని చూసి, బెంచీ మీద పెద్దావిడను చూసి, చివరికి మొగుణ్ణి చూసింది. చెంబు కింద పెట్టింది.

"ఇంకా చెప్పలేదా నువ్వు?"

"నువ్వు ఊరుకో."

"రాత్రి అన్నం ముందర కూర్చుని తినలేకపోతివి. ఈ పాప చెప్పు చేతిలో పట్టుకొని పోతా ఉంటే చూసినా, లోపలికి తిరిగి కూర్చున్నా అంటివి. ఇప్పుడు ఊరుకో అంటావు."

"మాట ఇచ్చినాను మునెమ్మా."

"మాట ఇచ్చింది నువ్వు. నేను యాడ ఇచ్చినాను?"

ఆమె నేరుగా షాపు వెనక్కి నడిచి, గోడకు ఆనించిన పాత గోనెపట్టాను రెండు చేతులతో పట్టి లాగేసింది.

ఆకుపచ్చ సైకిలు. రెండు పెడళ్ళూ ఉన్నాయి. చైనుకు నూనె మెరుస్తోంది. తుప్పు పట్టి ఉండే హ్యాండిలు బూడిదతో తోమిన గిన్నెలా ఉంది. గంట కూడా బిగించి ఉంది. ఆ గంట మోగక ఎన్నాళ్ళయిందో.

వరలక్ష్మి దగ్గరికి వెళ్ళలేదు. నిలబడ్డ చోటే నిలబడింది.

"ఎప్పుడైంది ఇది?" అన్నారు భ్రమరాంబ.

"నాలుగో నాడే అయిపోయింది పెద్దమ్మా," అంది మునెమ్మ. "లేతు మిషను కాడికి రెండు తూర్లు పొయ్యొచ్చినాడు ఈ మనిషి. మన ఊరి పెడలే పట్టేట్టు మర కొత్తగా కోయించినాడు. ఆ సాయంత్రం సారు వచ్చినాడు. ఈ వీదిలోనే ఆ కొసకీ ఈ కొసకీ తొక్కి చూసినాడు, బాగుండాది అన్నాడు. అన్నాక, నెల ముగిసేదాకా ఈడనే ఉండనీ, పాప అడిగితే సామాను దొరకలేదని చెప్పు అన్నాడు."

వీధిలో ఎవరిదో రిక్షా వెళ్ళింది.

"రోజూ సాయంత్రం వచ్చి అడుగుతున్నారు కదా," అంది వరలక్ష్మి. తన గొంతు తనకే చిన్నగా వినిపించింది. "గట్టిగా అడుగుతున్నానన్నారు."

"అడిగేదా? ఇదో, ఈ బెంచీ మీదనే కూర్చుని టీ తాగతా యానాం కతలు చెప్తాడు. ఏరు ఇంత వెడల్పు ఉంటాదంట, సాయంత్రం పడవ ఎక్కితే ఆ గాలికి ఆకలి అవుతాదంట. ఈ మనిషికి గూడా సంతోషమే, తెలుగులో మాట్లాడేవాళ్ళు యాడ ఉండారు ఈ వీదిలో."

భ్రమరాంబ బెంచీ మీద చేత్తో తడిమారు, కొడుకు కూర్చున్న చోటు వెతుకుతున్నట్టు. వెంటనే చెయ్యి ఒళ్ళోకి తీసుకున్నారు.

సుబ్బరాయలు లేచాడు. చేతులు పాత గుడ్డతో తుడుచుకుని, సైకిలును షాపు ముందుకు నడిపించుకొచ్చాడు.

"ఇంటాయన చెప్పినాడు, ఇంటి సంగతి మనకెందుకు అనుకొన్నా మా. అట్లా అనుకొన్నదే తప్పు. పోయిన వారం నువ్వు నన్ను మోసగాడు అంటివి చూడు, నాకు కోపం రాలేదు. ఉండేది ఉండేట్టు చెప్తా ఉంది అనుకొన్నా."

వరలక్ష్మి అప్పుడు దగ్గరికి వెళ్ళి చూసింది. వెనక చక్రానికి రెండు వైపులా సన్నటి నల్లదారంతో అల్లిన వల ఉంది. చీర కుచ్చిళ్ళు చక్రంలో పడకుండా. ముసలమ్మ ఇచ్చినప్పుడు అది లేదు. ఎవరూ చేయమని అడగనూ లేదు. ప్రతి ముడీ సమానంగా ఉంది. కుట్టుపని తెలిసిన కళ్ళకు అది ఎన్ని గంటల పనో తెలుస్తుంది.

"ఇది ఎవరు అల్లారండీ?"

"ఊరికే కూర్చునేటప్పుడు అల్లినాను. నువ్వు వచ్చి అడిగి పోతావు, నేను అబద్ధం చెప్తాను. తరువాత ఏ పనీ చేతికి రాదు. ఇదొకటి చేసినాను."

మూడు వారాల పాటు ఈ మనిషిని తిట్టుకుంటూ నడిచిన దారంతా ఆమెకు గుర్తొచ్చింది. ఆ తిట్లన్నీ తను ఏ మనిషి మీద పోసిందో ఆ మనిషే తన కుచ్చిళ్ళు చక్రంలో పడకూడదని వల అల్లుతూ కూర్చున్నాడు. ఎవరికి దండం పెట్టుకుంటూ నిద్రపోయిందో ఆయన ఇదే బెంచీ మీద టీ తాగాడు.

"నలుగురిలో మిమ్మల్ని అనరాని మాట అన్నాను," అంది. "మనసులో పెట్టుకోకండి."

"పెట్టుకోలేదు మా. నువ్వు పో. పొద్దు పోతా ఉంది."

"సుబ్బరాయలుగారూ, మీ మేలు..."

"మేలు యాడిది. నీ బండి నీకు ఇచ్చినాను. ఇరవై నాళ్ళ ముందే ఇయ్యాల్సింది."

భ్రమరాంబ లేచి, మునెమ్మ చెయ్యి పట్టుకున్నారు. ఏదో చెప్పబోయి, ఆ చేతినే రెండుసార్లు తట్టి వదిలేశారు. వెనక నుంచి చిన్నదురై మెల్లగా, "ఇంక నా పంచరు చూస్తావా అన్నా," అన్నాడు.

*

అత్తాకోడళ్ళు ఇంటి దారి పట్టారు. వరలక్ష్మి సైకిలు నడిపిస్తోంది, భ్రమరాంబ రెండోవైపు సీటు మీద చెయ్యి వేసి నడుస్తున్నారు. దాని చక్రాలు చప్పుడు చేయడం లేదు. అంత బాగా పని చేశాడు సుబ్బరాయలు.

మెట్ల దగ్గరికి వచ్చాక పెద్దావిడ ఒక్క మాట అన్నారు. "వాడు పసివాడప్పుడు కూడా అబద్ధం ఆడితే ఎదురుగా నిలబడలేకపోయేవాడు. ఇంత పెద్దది ఎలా మోశాడో."

సైకిలును మూడు మెట్లూ ఎక్కించి నడవలో నిలబెట్టారు. భీమశంకరం చొక్కా వేసుకుని కుర్చీలో కూర్చుని ఉన్నాడు. సైకిలు చూశాడు. చూసి, చేతిలోని జేబురుమాలు మడత విప్పి, మళ్ళీ అదే మడత పెట్టాడు.

వరలక్ష్మి ఏమీ అడగకుండా వంటింట్లోకి వెళ్ళింది. గడియారం ఎనిమిదికి పది నిమిషాలు తక్కువ చూపిస్తోంది. పప్పు గిన్నె దించి ఉంది. స్టవ్వు ఆర్పి ఉంది. మూత తీసి రుచి చూసింది. ఉప్పు కూడా సరిగ్గా వేశాడు. అప్పుడొచ్చాయి కళ్ళలో నీళ్ళు.

నడవలో భ్రమరాంబ గొంతు. గట్టిగా లేదు, అదే భయంగా ఉంది.

"నాకు చెప్పు. దానికి చెప్పలేకపోతే పోనీ, నాకు చెప్పు."

"ఏం చెప్పనమ్మా."

"సైకిలు ఎందుకు దాచావు?"

"యానాంకు బదిలీ అడిగానమ్మా. మూడు నెలలైంది కాగితం పెట్టి. ఈ నెలాఖరుకు ఆర్డరు వస్తుందన్నారు ఆఫీసులో."

వరలక్ష్మి కారియరు గిన్నెలో అన్నం పెడుతోంది. చెయ్యి ఆగలేదు. ఆపితే మళ్ళీ మొదలుపెట్టలేనేమో అనిపించింది.

"దానికీ సైకిలుకూ ఏమిటిరా సంబంధం?"

"ఉద్యోగం ఖాయమైతే వరాలు రాదమ్మా. నాకు తెలుసు. చేరిన రోజు ఇంటికొచ్చి అది నవ్విన నవ్వు చూశావు కదా. దాన్ని మానెయ్యమని నా నోటితో నేను చెప్పలేను. దానంతట అదే పోతే ఎవరి తప్పూ ఉండదనుకున్నాను."

"ఎవరి తప్పూ ఉండదా? ఆ సుబ్బరాయలు తిట్లు తిన్నాడు. ఇది కాళ్ళరిగేలా నడిచింది."

"నువ్వు మాత్రం రోజూ యానాం యానాం అని కలవరించడం లేదా? నీకోసం కూడానమ్మా."

"నా పేరు పెట్టకు," అన్నారు భ్రమరాంబ. "నేను యానాం తలుచుకుంటే తలుచుకుంటాను. తలుచుకున్నవన్నీ కావాలని కాదు. దీని ఉద్యోగం పోగొట్టి నన్ను గోదారి ఒడ్డున కూర్చోబెడితే, ఆ గాలి నాకు పడుతుందా?"

వరలక్ష్మి కారియరు గిన్నెలు ఒకదాని మీద ఒకటి పేర్చి, పిడి బిగించి, నడవలోకి వచ్చింది. భర్త ఎదురుగా నిలబడింది. పెళ్ళైన కొత్తలో ఈయన నలుగురిలో తనతో మాట్లాడేందుకే మొహమాటపడేవారు. నిరుడు ఈ సైకిలు వచ్చినప్పుడు మాత్రం, తెల్లవారకముందే సముద్రం వీధికి తీసుకెళ్ళి, సీటు పట్టుకుని వెనక పరుగెత్తి, నలభై రోజులు నేర్పారు. ఆ మనిషీ ఈ మనిషీ ఒకరేనని నమ్మడానికి ఆమె ప్రయత్నిస్తోంది.

"మూడు వారాలు మీరు షాపుకు వెళ్ళొస్తుంటే," అంది నెమ్మదిగా, "ఈయన నాకోసం తిరుగుతున్నారని రోజూ మీకు మనసులో దండం పెట్టుకున్నానండీ. ఇప్పుడు ఆ దండాలన్నీ ఏం చేసుకోను?"

అతను తల దించుకునే ఉన్నాడు.

"నేర్పింది మీరే. ఆ మేలు ఎక్కడికీ పోదు. అది కూడా ఉంది నా దగ్గర. అందుకే మిమ్మల్ని తిట్టలేకపోతున్నాను. కాని నన్ను అడగాల్సిందండీ. బదిలీ కాగితం పెట్టే ముందే అడగాల్సింది."

"అడిగితే వచ్చేదానివా?"

మొదటిసారి ఆమె ముఖంలోకి చూశాడు. ఆ చూపులో దెప్పిపొడుపు లేదు. నిజంగా తెలుసుకోవాలనే ఉంది.

వరలక్ష్మి అబద్ధం చెప్పాలనుకుంటే ఏదో ఒకటి చెప్పగలిగేది. వస్తానని చెబితే ఈ నిమిషానికి ఇల్లు నిమ్మళిస్తుంది. రానంటే అతను అనుకున్నదే నిజమవుతుంది.

"తెలియదండీ. అడిగి ఉంటే అప్పుడు తెలిసేది. ఇప్పుడు మీకూ తెలియదు, నాకూ తెలియదు."

భ్రమరాంబ గోడకు ఆనుకుని కళ్ళు మూసుకున్నారు. పక్క వాటాలో చిన్నపొన్ను రేడియో కట్టేసింది. వింటోందని ముగ్గురికీ తెలుసు.

"ఇప్పుడైనా అడగండి," అంది వరలక్ష్మి. "ఆర్డరు రాలేదు కదా ఇంకా. అడగండి, నేనూ ఆలోచించుకుని చెబుతాను. సాయంత్రం కూర్చుని మాట్లాడుకుందాం. ఇప్పుడు మాత్రం నేను వెళ్ళాలి."

అతను లేచాడు. చొక్కా పై బొత్తాం పెట్టుకున్నాడు. సైకిలు దగ్గరికి వెళ్ళి ముందు చక్రాన్ని బొటనవేలితో నొక్కి చూశాడు. తర్వాత వెనక చక్రాన్ని. వంగినవాడు వంగినట్టే కొంతసేపు ఉండిపోయాడు. ఆ నల్లదారం వలను చూస్తున్నాడో, దాని ముడులు లెక్కపెడుతున్నాడో ఆమెకు తెలియలేదు.

తర్వాత సైకిలును రెండు చేతులా ఎత్తి మూడు మెట్లూ దించాడు. వీధిలో కదిర్కామం వైపు తిప్పి స్టాండు వేశాడు. సీటు మీద అరచేత్తో ఒకసారి తుడిచాడు.

వరలక్ష్మి కారియరు పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. రోజూ అతను వెనక్కి చెయ్యి చాపి, చూడకుండానే కారియరు అందుకుంటాడు. ఆమె చెయ్యి అలవాటుగా ముందుకు వెళ్ళింది.

ఇవాళ అతని చెయ్యి రాలేదు. రోజూ చెప్పే 'వస్తాను' కూడా రాలేదు.

అతను సైకిలును దాటి, వైట్ టౌన్ వైపు నడిచాడు. ఆఫీసు అటే ఉంది. యానాం వెళ్ళే బస్సులుండే బస్టాండుకు పోయే దారి కూడా అక్కడి నుంచే చీలుతుంది.

"శంకరం," అన్నారు భ్రమరాంబ లోపలి నుంచి. అతనికి వినపడేంత గట్టిగానే అన్నారు.

ఎనిమిదింటి మిల్లు కూత మొదలైంది. కారియరు వేడి వరలక్ష్మి వేళ్ళకు తగులుతోంది. ఇటు తిరిగితే సైకిలు, అటు తిరిగితే భర్త. కూత ఆగేసరికి అతను వీధి చివరికి చేరాడు. తల తిప్పకుండా మలుపు తిరిగాడు.